ఉప్పల్–ఘట్‌కేసర్ దారిలో సైకిలు: నగర ప్రణాళికలో ప్రజాభిప్రాయ సేకరణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు తూర్పు శివార్లలోని నాచారం, ఉప్పల్, ఘట్‌కేసర్ ప్రాంతాలలో సైకిలు చాలాకాలం శ్రామికుల వాహనంగా ఉంది. అక్కడి దారులను తీర్చిదిద్దిన ప్రణాళికా చట్టాలలో ప్రజాభిప్రాయ సేకరణకు నిబంధనలున్నాయి. అవి స్థలం కలవారిని, ఆ వార్డులో నివసించేవారిని గుర్తించినంతగా దారిని వాడేవారిని గుర్తించలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సైకిలు వీథి, ప్రజాభిప్రాయం, మాస్టర్ ప్లాన్, గ్రామసభ, నాచారం, ఉప్పల్, ఘట్‌కేసర్.

1. ఉపోద్ఘాతం

నగర రవాణా పరిభాషలోని ‘బైసికిల్ బులెవార్డ్’ అనే మాటకు తెలుగులో స్థిరపడిన సమానార్థకం లేదు. ఈ వ్యాసంలో దానిని ‘సైకిలు వీథి’ అని వ్యవహరిస్తున్నాను. పెద్ద రోడ్డు అంచున గీత గీసి విడదీసిన పట్టీ సైకిలు వీథి కాదు. పెద్ద రోడ్డుకు సమాంతరంగా సాగే కాలనీ వీథిని ఎన్నుకొని, కార్లు దానిని అడ్డదారిగా వాడుకోకుండా అక్కడక్కడ అడ్డుకట్టలు పెట్టి, సైకిళ్ళు మాత్రం ఆగకుండా సాగిపోయే వీలు కల్పిస్తే అది సైకిలు వీథి అవుతుంది. అమెరికాలోని పాలో ఆల్టో పట్టణంలో బ్రయంట్ వీథిని 1982లో ఈ విధంగా మార్చారు. మొదట ప్రయోగాత్మకంగా అమలుచేసి, ఫలితాలు చూసిన తరువాత స్థిరపరచారు. దీనికి కొత్త స్థలం అక్కరలేదు. కాని ఇంటి ముందు బండి తిరిగే తీరు మారుతుంది కనుక వీథివాసుల సమ్మతి కావాలి. ఆ వీథిలో ఇల్లు లేకపోయినా రోజూ దాని మీదుగా పనికి వెళ్ళేవారి అవసరం కూడా తెలియాలి. మన చట్టాలు మొదటి వారిని కొంతవరకు అడిగాయి. రెండవ వారి విషయంలో ఏమి జరిగిందో తూర్పు హైదరాబాదు చరిత్ర చెబుతుంది.

2. కర్మాగారాల కాలం

సికింద్రాబాదు నుండి కాజీపేట దిశగా 1880వ దశకంలో వేసిన రైలుమార్గం మౌలాలి, ఘట్‌కేసర్‌ల మీదుగా పోతుంది. ఈ ప్రాంతం తొలి ఆధునిక రూపురేఖలు ఆ మార్గం వెంబడే ఏర్పడ్డాయి. స్వాతంత్ర్యానంతరం వచ్చిన మార్పు మరింత పెద్దది. హబ్సిగూడ–ఉప్పల్ దారిలో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఉత్తరాన 1967లో ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఏర్పడ్డాయి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడలు వీటి చుట్టూ అల్లుకున్నాయి. చుట్టుపక్కల గ్రామాలవారికి వ్యవసాయం పక్కన షిఫ్టు పని వచ్చి చేరింది. షిఫ్టు వేళలు బస్సు వేళలకు కుదరవు. రాత్రి పదిగంటలకు గేటు దాటిన మనిషికి సైకిలే ఆధారం. హ్యాండిలుకు వేలాడే టిఫిను క్యారియరు, కర్మాగారం గేటులోపల రేకుల సైకిలు స్టాండు, గేటు బయట పంక్చరు దుకాణం: ఈ మూడింటిని చేర్చకుండా నాచారం పారిశ్రామిక చరిత్ర రాస్తే అది యజమానుల చరిత్రే అవుతుంది. (ఇది ప్రధానంగా పురుషుల చరిత్ర అన్నదీ నిజమే. ఆ వాడల్లో పనిచేసిన స్త్రీలు ఎక్కువగా నడిచారు. బండ్ల వేగం తగ్గిన వీథి వారికీ అంతే అవసరం.)

ఆ కాలపు పురపాలన సైకిలుదారును అసలు చూడలేదనడం సరికాదు. పన్ను కట్టేవానిగా చూసింది. ఏటా రుసుము తీసుకొని సైకిలుకు బిళ్ళ ఇచ్చే పద్ధతి మన పురపాలక సంఘాలలో చాలాకాలం సాగింది. రాత్రిపూట దీపం లేకపోతే జరిమానా, ఇద్దరు ఎక్కితే జరిమానా. ఆదాయపు పద్దులో స్థానమున్న వాహనానికి వ్యయపు పద్దులో దారి మాత్రం దక్కలేదు.

3. అభ్యంతరాలు, సూచనలు

1975లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ముసాయిదా ప్రణాళికను ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు ఆహ్వానించాలన్నది ఆ చట్టపు నియమం. తరువాత 2008 చట్టంతో వచ్చిన హెచ్ఎండీఏ కూడా ఈ సంప్రదాయాన్నే కొనసాగించింది. ఘట్‌కేసర్ పరిసరాలతో సహా విస్తరిత ప్రాంతానికి 2031 నాటి అవసరాలను ఉద్దేశించిన ప్రణాళిక 2013 జనవరి 24న ఆమోదం పొందింది.

నియమం ఉదారంగానే ఉంది. అది పనిచేసే తీరును చూడాలి. భూవినియోగ మార్పు ప్రకటన ఏదైనా తీసుకుంటే అందులో సర్వే నంబరు, గ్రామం, విస్తీర్ణం, నాలుగు హద్దులు, అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు కనిపిస్తాయి. ప్రకటన భాషే పాఠకుడిని ఎన్నుకుంటుంది. తన సర్వే నంబరు కనబడినవాడు ఉలిక్కిపడి దరఖాస్తు రాస్తాడు. మల్లాపూరుకు సైకిలు మీద పోయేవానికి సర్వే నంబరు లేదు. తన దారి ఏ గ్రామపు ఏ హద్దులో మారుతున్నదో ఆ ప్రకటన చదివి గ్రహించడం అతనికి అసాధ్యం.

నగరంలో జనాభిప్రాయం గట్టిగా వినిపించిన సందర్భాలు లేకపోలేదు. మెట్రో మార్గంపై సుల్తాన్‌బజార్ వర్తకులు దీర్ఘకాలం పోరాడారు. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ తలపెట్టిన ఫ్లైఓవర్లకు వ్యతిరేకంగా, చెట్ల రక్షణకై పౌరులు కదిలారు. ఒకచోట దుకాణం, మరొకచోట ఉద్యానవనం, అంటే రెండుచోట్లా వేలుపెట్టి చూపగల స్థలం ఉంది. దారికి అటువంటి హక్కుదారులు లేరు, దానిని వాడుకునేవారే ఉన్నారు.

ఘట్‌కేసర్ విషయంలో ఇంకొక అంశముంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభలో ఓటరుగా నమోదైన ప్రతి ఒక్కరూ సభ్యులే. భూమి లేనివారు సైతం లేచి నిలబడి రోడ్డు గురించి అడగవచ్చు. ఆచరణలో గ్రామసభలు ఎంత సజీవంగా ఉన్నాయన్నది వేరే చర్చ. 2018లో ఘట్‌కేసర్, పోచారం పురపాలక సంఘాలైనపుడు ఆ సభ పోయింది. 2019 పురపాలక చట్టం వార్డుకు నాలుగు కమిటీలను నిర్దేశించింది. యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట ఒక్కొక్క దానిలో పదిహేనుగురు సభ్యులు. గ్రామసభలో అందరూ సభ్యులుగా ఉండేవారు. ఇక్కడ ఎంపికైనవారే సభ్యులు. కమిటీలు కూడా వార్డు నివాసుల ప్రాతిపదికనే ఏర్పడతాయి.

దారి వార్డుతో ఆగదు. ఘట్‌కేసర్‌లో బయలుదేరి నాచారం చేరే సైకిలుదారు 2019 నాటికి ఘట్‌కేసర్, పోచారం పురపాలక సంఘాలు, పీర్జాదిగూడ, బోడుప్పల్ నగరపాలక సంస్థలు, చివరకు జీహెచ్ఎంసీ పరిధులలో ప్రయాణించేవాడు. ఒక్క ఉదయపు ప్రయాణానికి అయిదు పాలక సంస్థలు. అతని ఓటు వీటిలో ఒక్కదానికే చెందుతుంది. ఉప్పల్ కలాన్, కాప్రా పురపాలక సంఘాలు 2007 ఏప్రిల్ 16న జీహెచ్ఎంసీలో కలిసినట్లే ఈ శివారు సంస్థలు కూడా 2025 డిసెంబరులో విలీనమయ్యాయి. అయిదు హద్దులు చెరిగిపోవడం ప్రణాళికకు అనుకూలమే. అయితే అడిగే చోటు ఘట్‌కేసర్‌కు మరింత దూరమైంది.

4. జనగణనలో లెక్కకు వచ్చినవారు

2011 జనగణన వ్యవసాయ, గృహపరిశ్రమేతర శ్రామికులను పనికి ఎంతదూరం, ఎలా వెళుతున్నారని అడిగింది. మనిషిని ఇంటివానిగా కాక ప్రయాణికునిగా అడిగిన అరుదైన ప్రభుత్వ ప్రశ్న అది. దేశపు పట్టణ కుటుంబాలలో సైకిలు ఉన్నవి 2001లో 46.0 శాతం, 2011లో 41.9 శాతం. అదే కాలంలో మోటారు ద్విచక్రవాహనం ఉన్నవి 24.7 నుండి 35.2 శాతానికి పెరిగాయి. సైకిళ్ళు తగ్గుతున్నాయి కనుక దారి అనవసరమని ఈ అంకెలను చదవడం పరిపాటి. దారి లేనందువల్ల తగ్గుతున్నాయని కూడా చదవవచ్చు, 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ఆ దిశగానే మాట్లాడింది. రోడ్డు స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలన్నది దాని సూత్రం.

5. పడమటి బాట, తూర్పు స్తంభాలు

158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి తూర్పున ఘట్‌కేసర్ వద్ద, పడమట నానక్‌రాంగూడ వద్ద సాగే ఒకే వలయం. సైకిలు బాట మాత్రం పడమట వచ్చింది. నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల పొడవున సౌరఫలకాల కప్పుతో నిర్మించిన ‘హెల్త్‌వే’ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. పేరే దాని ఉద్దేశాన్ని చెబుతోంది: అది వ్యాయామానికి. కోరగలిగిన వర్గం కోరింది, పొందింది. అందులో తప్పుపట్టవలసింది లేదు. కాని ఆ కోరికనే నగర సైకిలుదారులందరి అభిప్రాయంగా గ్రహించడం చరిత్రపరంగా నిలవదు.

తూర్పున అదే కాలంలో వరంగల్ జాతీయ రహదారిపై ఉప్పల్–నారపల్లి ఎత్తైన వంతెన, 6.25 కిలోమీటర్లు, 2018లో మొదలై ఏళ్ళతరబడి నిలిచిపోయింది. సగం లేచిన స్తంభాలు, వాటి ఇరువైపులా గుంతలు, దుమ్ము. 2023 మార్చిలో, ఇంకెన్నేళ్ళని ప్రశ్నిస్తూ ఆ స్తంభాల మీదనే పోస్టర్లు వెలిశాయి. వాటి వెనుక రాజకీయం ఉండవచ్చు. అయినా ఆ దారిన పోయేవారి ఫిర్యాదు బహిరంగంగా కనిపించిన చోటు అర్జీల దస్త్రం కాక స్తంభం కావడం గమనార్హం.

భిన్నమైన ఉదాహరణ కూడా ఉప్పల్‌లోనే ఉంది. కూడలి దాటలేక అవస్థపడే పాదచారుల కోసం హెచ్ఎండీఏ నిర్మించిన 660 మీటర్ల ఆకాశమార్గం 2023 జూన్‌లో తెరుచుకుంది. రోడ్డు దాటే గుంపు ఏ అర్జీ రాయకపోయినా, అక్కడ నిలబడి చూసినవారికి అవసరం కళ్ళకు కట్టేది.

సైకిలుదారులు అలా ఒకచోట గుమికూడరు, అందుకే వారు అధికారుల కంటపడరు. వారు కలిసేది షిఫ్టు మారే వేళ గేటు దగ్గర, స్టేషను దగ్గర. 2024 మార్చి నుండి ఘట్‌కేసర్ దాకా ఎంఎంటీఎస్ నడుస్తోంది, చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. ఈ స్టేషన్ల నుండి పారిశ్రామికవాడలకు మధ్యనున్న రెండు మూడు కిలోమీటర్లే నేడు సైకిలు వీథికి తగిన కొలత. హబ్సిగూడ–నాచారం–మల్లాపూర్ ప్రధాన రహదారి పక్కన సాగే కాలనీ వీథులు అందుకు పనికివస్తాయి.

చట్టపరంగా ఇక్కడొక విచిత్రముంది. సైకిలు వీథికి భూసేకరణ అక్కరలేదు, భూవినియోగ మార్పు ఉండదు. కనుక ఏ సర్వే నంబరూ ప్రకటనకెక్కదు, పదిహేను రోజుల గడువూ మొదలుకాదు. కాలనీ సంక్షేమ సంఘం తన వీథికి గేటు కావాలని అర్జీ పెట్టగలదు, దానికి ముద్ర, అధ్యక్షుడు, కార్యదర్శి ఉన్నారు. ఆ గేటు మూసిన రోజున చుట్టు తిరిగి ప్రధాన రహదారిపై లారీల మధ్యకు వెళ్ళవలసినవాడు, ఉదయం ఆరుగంటల షిఫ్టుకు మల్లాపూర్ వైపు అప్పటికే సాగిపోయి ఉంటాడు.