కొండసీమల శాసనసభ్యుడు

1937వ సంవత్సరము జూలై నెలలో ఒరిస్సా శాసనసభ కటకములోని రావెన్షా కళాశాల మందిరమున తొలిసారిగా సమావేశమయ్యెను. ఆ దినములలో రాయగడ వైపునుండి కటకము పోవలసినవాడు తన రాష్ట్రపు రాజధానిని చేరుటకు ముందుగా తన రాష్ట్రమునే విడువవలసి యుండెను. రాయగడలో రైలెక్కి, పార్వతీపురము, బొబ్బిలి మీదుగా విజయనగరము చేరి, అచ్చట బండి మారి, చికాకోలు రోడ్డు, పలాస, ఇచ్ఛాపురము గడచిన పిమ్మటనే మరల ఒరిస్సా నేల కనబడెడిది. గుణుపురము వారికి 1931 నుండి పర్లాకిమిడి చిన్నరైలు ఉన్నను, అదియు నౌపడా వద్ద మద్రాసు రాజధానిలోనే దింపెడిది. ఇక జయపురము, కోరాపుట్ వారు పొట్టంగి కనుమ దిగి, సాలూరు మీదుగా అదే విజయనగరమునకు రావలెను. మన సీమకు ప్రతినిధియైనవాని కొలువును గూర్చి వ్రాయబూనినప్పుడు ఈ దారి సంగతి మొదట చెప్పక తప్పదు. ఆయన పనిలోని కష్టములలో సగము ఈ దారిలోనే ఉన్నవి. నేటికిని రాయగడ నుండి భువనేశ్వరము పోవు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ విజయనగరము మీదుగానే పోవుచున్నది.

ఇంత వింత యేల కలిగెనని మన పిల్లలు అడుగుచుందురు. 1839వ సంవత్సరపు చట్టము మూలమున ఈ కొండలు విశాఖపట్టణము కలెక్టరు క్రింద ‘ఏజెన్సీ’గా నుండెను. కలెక్టరే గవర్నరుగారి ఏజెంటు. తీర్పరియు ఆయనయే, దొరయు ఆయనయే. ఒఢ్ర భాషీయులకు వేరు రాష్ట్రము కావలెనను ఆందోళన ఫలించు వేళకు, సరిహద్దులు నిర్ణయించుటకై ఓడొనెల్ అధ్యక్షతన 1931లో ఒక సంఘము ఏర్పడెను. దానికి తెలుగువారి పక్షమున సి. వి. యస్. నరసింహరాజుగారు సహసభ్యులుగా నుండిరి. జయపుర సంస్థానము క్రొత్త రాష్ట్రములో చేరవలెనని ఆ సంఘము చెప్పగా, 1933 నాటి శ్వేతపత్రము కాదనెను. మరుసటి యేట పార్లమెంటు సంయుక్త సంఘము మరల ఔననెను. ఇట్లు మూడు మారులు అటునిటు ఊగి, 1936 ఏప్రిల్ 1వ తేదీన కోరాపుట్ ఒరిస్సాలో ఒక జిల్లా ఆయెను. ఆనాడే గిడుగు రామమూర్తి పంతులుగారు, జీవితమంతయు గడపిన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము వెడలిపోయిరి. సవర భాషకు నిఘంటువు కూర్చిన ఆ మహనీయుడు మనకు దూరమగుట మన తెలుగువారికే కాక సవరలకును నష్టమని మా అభిప్రాయము. వాడుక భాషకై పోరాడిన ఆయనను గూర్చి ఈ గ్రాంథికపు వాక్యములలో చెప్పుచున్నందుకు చదువరులు నవ్వుకొందురు గాక!

మొదటి శాసనసభలో 60 మంది సభ్యులు. అందు నలుగురు నియమింపబడినవారు. కాని కోరాపుట్ సభ్యుని స్థితి తక్కినవారి వంటిది కాదు. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము ఈ జిల్లాను ‘పాక్షికముగా మినహాయింపబడిన ప్రదేశము’గా నిర్ణయించెను. దాని 92వ విభాగము ప్రకారము శాసనసభ చేసిన యే చట్టమైనను గవర్నరు ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప ఇచ్చట చెల్లదు. అనగా సభ్యుడు కటకములో చేయి యెత్తి నెగ్గించిన చట్టము కటకమునకు వర్తించును, బాలేశ్వరమునకు వర్తించును. ఆయనను పంపిన ఊళ్ళకు మాత్రము గవర్నరు దయతలచినచో వర్తించును. స్వరాజ్యానంతరము రాజ్యాంగములోని ఐదవ షెడ్యూలు ఆ పద్ధతిని కొంత మార్చి, గిరిజన సలహా మండలిని ఏర్పరచెను. ఇరువదికి మించని ఆ మండలి సభ్యులలో ముప్పాతిక వంతు శాసనసభలోని గిరిజన ప్రతినిధులు కావలెను. మన సభ్యులకు భూమి విషయమున దక్కిన గొప్ప అధికారము ఇదియే. దానిని గూర్చి ముందు చెప్పెదము.

అంతవరకు అర్జీ పెట్టుకొనదలచినవాడు పోవు చోటు జయపురము కోట. మహారాజా విక్రమదేవ వర్మగారు తెలుగు, ఒరియా, సంస్కృతములలో పండితుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు యేటేట లక్ష రూపాయలిచ్చి పోషించిన దాత. ఆయన 1951లో దివంగతులైరి. మరుసటి యేడే జమీందారీ రద్దయ్యెను. ఆ యేడే వయోజనులందరికి వోటు వచ్చి 140 మంది సభ్యులతో క్రొత్త శాసనసభ కూడెను. సంవత్సర కాలములో కోట వాకిట నిలువవలసిన జనము శాసనసభ్యుని యింటి అరుగు మీదకు మారిపోయిరి. ఆ మార్పు ఇంతవరకు సరిగా వ్రాయబడలేదు. కోటలో అర్జీదారుడు చేతులు కట్టుకొని నిలిచెడివాడు. అరుగుమీద కూర్చుండి, అడిగినది కాకపోయినచో వచ్చే యెన్నికలలో చూచుకొందమని అనగలడు.

ఆ అరుగును మనలో పెక్కురు చూచినవారే. తెల్లవారకముందే కొండలు దిగి నడచి వచ్చినవారు వాకిట కూర్చుండి యుందురు. ఒకరికి రేషను కార్డు, ఒకరికి కులధ్రువపత్రము, ఒకరి బిడ్డకు ఆశ్రమ పాఠశాలలో చోటు, ఒకరికి పట్టాలో పేరు మార్పు, ఇంకొకరికి బరంపురము ఆసుపత్రికి చీటీ. సభ్యుడు తనంతట తాను వీనిలో ఒక్కటియు మంజూరు చేయజాలడు. ఆయన చేతిలో ఉన్నది సిఫారసు ఉత్తరము మాత్రమే. తహసీల్దారు దానిని త్రోసిపుచ్చినను తప్పులేదు. కాని పంచాయతీ సమితిలో ఆ సభ్యుడే ఎదురుగా కూర్చుండునని తహసీల్దారునకు తెలియును. ఉత్తరమునకు గల బలమంతయు అదే. అవిభక్త కోరాపుట్ జిల్లా సుమారు 27 వేల చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలది. 1992 అక్టోబరు 2వ తేదీన అది నాలుగు జిల్లాలుగా విడిపోవువరకు గుణుపురపు రైతు కలెక్టరు దర్శనమునకు కోరాపుట్ కొండ యెక్కవలసియుండుటచేత, సభ్యుడే వానికి సగము కలెక్టరు.

సభలో ప్రశ్న వేయుట వలన ఏమి లాభమని కొందరు ఎగతాళి చేయుదురు. చుక్కగుర్తు గల ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పవలెను, అనుబంధ ప్రశ్నలను తట్టుకొనవలెను. ఆ జవాబు సిద్ధపరచుటకై భువనేశ్వరము నుండి జిల్లాకు, జిల్లా నుండి తాలూకా కచ్చేరీకి కాగితము పోవును. చెడిపోయిన వంతెన గూర్చి యేండ్ల తరబడి కదలని దస్త్రము, జవాబు చదువబడక మునుపే దుమ్ము దులుపుకొని లేచును. ఒక్కొక్కమారు వంతెనయు లేచును.

భాష మాట యేమనగా: మన అంగళ్ళలో తెలుగు, కచ్చేరీలలో ఒడియా, కొండలపై కువి, సవర, గదబ, పరజ భాషలు. 1954 చట్టము ఒడియాను అధికార భాషగా చేసెను. ఐనను రాజ్యాంగపు 210వ అధికరణము, సభాభాషలలో తన భావమును చక్కగా తెలుపజాలని సభ్యుడు స్పీకరు అనుమతితో మాతృభాషలో మాటలాడవచ్చునని చెప్పుచున్నది. సామాన్యునకు 350వ అధికరణము అంతకంటె ముఖ్యము: రాష్ట్రములో వాడుకలోనున్న యే భాషలోనైనను అర్జీ ఇచ్చుకొను హక్కు అది. 1956లో చేర్చబడిన 350-ఏ ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పవలెనని ఆదేశించుచున్నది. మన తెలుగు పాఠశాలకు ఉపాధ్యాయుడు కావలెనని అడుగునప్పుడు దయ చూపుమని కాక, ఈ అధికరణము పేరు చెప్పి అడిగినచో సభ్యునికి సభలో నిలిచి మాటలాడుట సులువగును. ఉత్త వినతిపత్రమునకు ఆయన ఉత్త ఉత్తరమే వ్రాయగలడు.

ఇక భూమి. ఇది మనకు రుచింపని సంగతియైనను దాటవేయరాదు. గిరిజనుల భూమి ఇతరుల పాలగుట ఇచ్చట క్రొత్త కాదు. మద్రాసు ప్రభుత్వమే 1917లో దానిని అడ్డుటకు చట్టము చేసెను. అప్పులిచ్చి ‘గోతి’ పేరిట మనుష్యులనే తనఖా పట్టు ఆచారమును 1948 నాటి రెగ్యులేషను నిషేధించెను. ఆ అప్పులిచ్చిన వర్తకులలో మైదానము నుండి వచ్చిన మనవారును కలరు. 1956 నాటి రెండవ రెగ్యులేషను ప్రకారము అధికారి అనుమతి లేనిదే గిరిజనుడు తన భూమిని ఇతరునకు అమ్మజాలడు. 2000 నాటి సవరణ, అనుమతితోనైనను అమ్మరాదనెను. తరతరములుగా ఇచ్చటనే యున్న మన కుటుంబములు ఇల్లు కట్టుకొనుటకు చోటు దొరకదని మన సభ్యుల యొద్ద మొరపెట్టుకొనుట అందరెరిగినదే. కాని కోరాపుట్, రాయగడ జిల్లాల ఎనిమిది నియోజకవర్గములలో జయపురము మాత్రమే అందరికి తెరువబడినది. కోరాపుట్ షెడ్యూల్డు కులములకు, తక్కిన ఆరును గిరిజనులకు ప్రత్యేకింపబడినవి. మన మొరను వినువాడు, ఆ భూమి పోగొట్టుకొన్నవారి మనుమడు. 2023 నవంబరులో మంత్రివర్గము, గిరిజన సలహా మండలి సిఫారసు మీద, అమ్మకమును సబ్‌కలెక్టరు అనుమతితో మరల సాగనిచ్చుటకు నిశ్చయించెను. రాష్ట్రమంతట అలజడి రేగగా కొద్ది దినములలోనే ఆ నిర్ణయము నిలిచిపోయెను. నిలిచిపోవుటయే న్యాయమని మేము తలంచుచున్నాము. మనకు కావలసిన ఇంటి చోటును పురపాలక సంఘము ద్వారా, ప్రభుత్వపు నేలలో అడుగుదము గాక. కోదువాని పోడునేల మీదుగా కాదు.

ఈ కొలువున ప్రాణభయము కూడ కలదు. 2011 సెప్టెంబరు 24న ఉమ్మరకోట సభ్యుడు జగబంధు మాఝీ, నడువలేక చక్రాల కుర్చీలో తిరుగువాడయ్యును, రాయిఘర్ ప్రాంతపు ఒక గ్రామమున పేదలకు భూమి పట్టాలు పంచుచుండగా తన అంగరక్షకునితో కూడ కాల్చబడెను. 2012 మార్చి 24న లక్ష్మీపురము సభ్యుడు ఝినా హికాకాను మావోయిస్టులు రాత్రివేళ కొండదారిలో అడ్డగించి తీసికొనిపోయిరి. ముప్పది మూడు దినములు అడవిలో నుంచి, ప్రజాకోర్టులో నిలిపి, శాసనసభ్యత్వము వదలుకొందునని మాట పుచ్చుకొని, ఏప్రిల్ 26న నారాయణపట్న ప్రాంతమున విడిచిరి. ఆయన వదలుకొనలేదు. బెదరించి తీసికొన్న మాటకు కట్టుబడవలెనా యని అప్పుడు పలువురు తర్కించుకొనిరి. కోరాపుట్ వోటర్లు 2014లో ఆయననే లోక్‌సభకు పంపిరి. సరిహద్దు కావల, 2018 సెప్టెంబరు 23న, అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ సభ్యుడు సివేరి సోమ లివిటిపుట్టు వద్ద హతులైరి. ఊరికి రాడని సభ్యుని నిందించుట తేలిక. వచ్చినవారికి జరిగినది కూడ గుర్తుంచుకొనవలెను.

చివరగా కొటియా ముచ్చట. పొట్టంగి ప్రాంతపు ఆ 21 గ్రామములు తమవేనని రెండు రాష్ట్రములును అనుచున్నవి. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయగా, యథాస్థితి పాటింపుడని ఉత్తరువయ్యెను. 2006లో వ్యాజ్యము విచారణార్హము కాదని కొట్టివేయబడెను. ఎవరిదో తేలలేదు. అందుచేత ఆ ఊళ్ళలో అనేకుల యొద్ద రెండు రాష్ట్రముల రేషను కార్డులు కలవు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అచ్చటి కొన్ని గ్రామములలో పంచాయతీ యెన్నికలు జరుపగా, ఒడిశా మరల సుప్రీంకోర్టుకు పోయెను. అవతలి వైపున సాలూరు శాసనసభ్యుడు, ఇవతలి వైపున పొట్టంగి శాసనసభ్యుడు. ఒకరు రోడ్డు వేయించినచో వేరొకరు బడి కట్టింతురు. పొట్టంగి సభ్యుడు భువనేశ్వరములో కొటియాను గూర్చి లేచి మాటలాడినప్పుడు సభ యంతయు చెవియొగ్గును; తన నియోజకవర్గములోని వేరొక కొండపల్లెకు నీళ్ళు లేవన్నప్పుడు అంతగా వినదు. కొటియావారు మాత్రము ఈ రహస్యమును చక్కగా గ్రహించిరి. అర్జీ వ్రాయించుకొనునప్పుడు రెండు ప్రతులు వ్రాయించుకొని, ఒకటి ఒడియాలో పొట్టంగికి, ఒకటి తెలుగులో సాలూరుకు పంపుకొనవచ్చును. ఏ వైపు నుండి ముందు బోరు యంత్రము వచ్చిననేమి, నీళ్ళు ఆ ఊరివే.