గోళ్ల రంగు నుంచి గిటార్ దాకా

వేసవి సెలవులొస్తే ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లలో బాల్కనీలన్నీ వర్క్‌షాపులైపోతాయి. ఒకరింట్లో పాత సైకిల్‌కి రంగు, ఇంకొకరింట్లో పూలకుండీలకి రంగు. మగపిల్లలూ ఆడపిల్లలూ చేసే ఇంకో పని కూడా ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ గిటార్ మీద రంగంతా గీకేసి, లోపలి చెక్క బయటపెట్టి, తమకి నచ్చిన రంగు వేసుకోవడం. ఒక వీడియో చూస్తారు, సందు చివర హార్డ్‌వేర్ షాపులో నాలుగు ఉప్పు కాగితాలు కొంటారు, పని మొదలుపెడతారు. మనం "దుమ్ము ఇంట్లోకి రానీకురా" అని తలుపేసుకుంటాం. ఆ దుమ్ము దేనిదని మాత్రం అడగం.

అడగాల్సిన ప్రశ్న అదే. గిటార్ మీది రంగు మనకి తెలియని వస్తువేమీ కాదు. దాని చుట్టాలు మన గాజుల పెట్టెలో, గోళ్ల రంగు సీసాలో, బీరువా తలుపు మీద ఉన్నాయి. ఆ చుట్టరికం తెలిస్తే ఏది గీకొచ్చో, ఏది గీకకూడదో మనమే చెప్పగలం.

ముందు గాజుల దగ్గర మొదలుపెడదాం. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు కొన్నవాళ్లకి ఆ దృశ్యం గుర్తుంటుంది. నిప్పుల మీద లక్కని మెత్తబరిచి, సాగదీసి, గాజుగా చుట్టి, మీద రాళ్లు అద్దుతారు. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడే లక్క. అదే లక్కని శుభ్రం చేసి, రేకులుగా మార్చి, స్పిరిట్‌లో కరిగిస్తే చెక్కకి పూసే పాలిష్ అవుతుంది. మన పాత టేకు కుర్చీలకి వడ్రంగులు గుడ్డతో రుద్ది రుద్ది మెరుపు తెచ్చింది దానితోనే. యూరప్‌లో 19వ శతాబ్దపు గిటార్లకీ ఇదే పూత వేసేవారు.

ఏటికొప్పాక బొమ్మల్లో ఇదే లక్క ఇంకో తీరుగా పనిచేస్తుంది. అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క ముక్కని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. బ్రష్షూ ఉండదు, థిన్నరూ ఉండదు. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగుల బదులు మొక్కల రంగులు మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మీద రంగు ఎలా ఉండాలో ఆయన ఆలోచించారు. మన గిటార్ కథలో ఆ మాట మళ్లీ వస్తుంది.

లక్క గుణం ఒకటి గమనించండి. వేడి తగిలితే మెత్తబడుతుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. గీత పడితే మళ్లీ కాస్త పాలిష్ పూస్తే చాలు, కొత్త పూత పాత పూతలో కలిసిపోతుంది. మరమ్మతు కోసం పాతదంతా ఊడబెరకనక్కర్లేదు. మన వీణ కూడా ఇదే పద్ధతి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో చేసే వీణ మీద 24 మెట్లనీ మైనంలోనే నిలబెడతారు. కొన్నేళ్లకి ఆ మైనం గట్టిపడి స్వరం తేడా వస్తే కరిగించి మళ్లీ మేళం కడతారు. మళ్లీ విప్పాల్సి వస్తుందని తెలిసి చేసిన పని అది.

లక్కకి ఇంకో గుణం కూడా ఉంది, అది సులువుగా అంటుకుంటుంది. భారతంలో వారణావతంలోని లక్క ఇల్లు మనందరికీ తెలిసిందే. విచిత్రమేమిటంటే లక్క తర్వాత వచ్చిన పూత కూడా మంట నుంచే పుట్టింది, అదీ ఒక వంటింట్లో.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊళ్లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1840లలో ఆయన ఇంట్లో ప్రయోగం చేస్తుంటే ఆమ్లాలు ఒలికాయట. చేతికందిన భార్య నూలు ఏప్రన్‌తో తుడిచి, పొయ్యి దగ్గర ఆరేశాడట. ఆరగానే అది భగ్గుమని క్షణంలో మాయమైందని కథ. కథలో నిజమెంతున్నా, 1846లో ఆయన ప్రపంచానికి చెప్పిన పదార్థం మాత్రం నిజం. దూదికి ఆమ్లాలు పట్టించి చేసిన నైట్రోసెల్యులోజ్ అది. ముందు తుపాకి మందుగా వాడారు. తర్వాత దానితోనే దువ్వెనలు, బొమ్మలు, సినిమా రీళ్లు వచ్చాయి. ఆ ఏప్రన్ ఆవిడ ఏమందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఆ పదార్థంతో డ్యూకో అనే రంగు చేసింది. అంతకుముందు కారుకి రంగు వేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లండ్ కార్లకి డ్యూకో వాడడం మొదలుపెట్టాక ఆ ఆలస్యం పోయింది, రంగురంగుల కార్లు వచ్చాయి. 1932లో మొదలైన రెవ్లాన్ కంపెనీ అమ్మిన మొదటి వస్తువు గోళ్ల రంగు. ఈ రోజుకీ చాలా గోళ్ల రంగుల్లో ఉండేది ఆ నైట్రోసెల్యులోజే. మన హైదరాబాద్ వడ్రంగులు బీరువాకి స్ప్రే రంగు వేయిస్తామంటే "డ్యూకో చేయిద్దామా అమ్మా?" అని అడుగుతారు. వందేళ్ల కిందటి రంగు పేరు ఇక్కడ పని పేరైపోయింది.

గిటార్ దగ్గరికి వచ్చేశాం. 1950లలో కాలిఫోర్నియాలోని ఫెండర్ కంపెనీ గట్టి చెక్క దిమ్మతో ఎలక్ట్రిక్ గిటార్లు చేసింది. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. ఎవరైనా ప్రత్యేకంగా రంగు అడిగితే కార్ల రంగుల డబ్బాలే తెచ్చి వేసేవారు. అందుకే పాత ఫెండర్ గిటార్ల రంగుల పేర్లు ఫోర్డ్, క్యాడిలాక్ కార్ల రంగుల పేర్లే. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతం వాయించిందీ ఇలాంటి ఎలక్ట్రిక్ వాద్యం మీదే, అయిదు తీగలతో. ఈ వాద్యాల్లో తీగ కదలికని పట్టేది దాని కింద ఉన్న అయస్కాంతం. వీణకి కుండలాగా వీటికి గుల్ల అక్కర్లేదు. కాబట్టి రంగు మారిస్తే నాదం పాడవుతుందని పెద్దగా బెంగ పడనక్కర్లేదు. బెంగ పడాల్సింది పిల్లల ఊపిరి గురించి.

1960ల చివర్లో ఫెండర్ పాలియెస్టర్ పూతకి మారింది. అది మందంగా, గాజులా గట్టిగా ఉంటుంది. మన మాడ్యులర్ కిచెన్ తలుపుల పి.యు. పూతదీ ఇదే తీరు. ఇవి ఆరడమంటే నీరు ఇంకినట్టు ఇంకడం కాదు, లోపల రసాయనం ముడిపడి బిగుసుకోవడం. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కానట్టు, ఇవి మళ్లీ థిన్నర్‌లో కరగవు. ఈ రోజు మన పిల్లలు కొనే తక్కువ ఖరీదు గిటార్లలో ఎక్కువ వాటిమీద ఉండేది ఈ జాతి పూతే. గీత పడదు, చెమటకి చెడదు. కానీ తీయాలంటే చుక్కలు కనిపిస్తాయి. మరమ్మతుకి లొంగే గుణం వదులుకుని మనం గట్టిదనం కొనుక్కున్నాం.

ఇక మన చేతిలో ఉన్న పరీక్ష. గిటార్ ముందు భాగంలో ఉండే ప్లాస్టిక్ పలక విప్పి, దాని కింద కనపడని చోట గోళ్ల రంగు తుడిచే అసిటోన్ ఒక్క చుక్క దూదితో అద్దండి. మెత్తబడి జిగురైతే డ్యూకో జాతి పూత. ఏమీ కాకపోతే పాలియెస్టరో, పి.యు.నో. అసిటోన్ ప్లాస్టిక్‌ని కూడా తినేస్తుంది, కాబట్టి ఆ పలక మీద పడనీయకండి.

డ్యూకో జాతి అయితే వేడిగాలి యంత్రం దగ్గరికి రానీయొద్దు. షోన్‌బైన్ ఏప్రన్ గుర్తుంచుకోండి. పైగా పాత గిటార్ అయితే ఆ రంగుకే విలువ ఉండొచ్చు, తెలిసినవాళ్లకి చూపించకుండా ముట్టుకోకూడదు. పాలియెస్టర్ అయితే పూర్తిగా గీకడం దండగ. మెరుపు పోయేదాకా మాత్రం నీళ్లతో తడిపిన వాటర్ పేపర్‌తో రుద్ది, దాని మీదే కొత్త రంగు వేసుకోవచ్చు. తడిపి రుద్దితే దుమ్ము గాల్లోకి లేవదు.

పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. సీసం ఇంత వరకైతే పరవాలేదని చెప్పే హద్దు పిల్లలకి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కాబట్టి వయసు తెలియని గిటార్‌ని, పాత గ్రిల్లుని, ఉయ్యాలని పొడిగా గీకనే వద్దు. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో అసలే వద్దు. రంగు ఊడదీసే ద్రావకం డబ్బా మీద మిథిలిన్ క్లోరైడ్ అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి. దాని ఆవిరి ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. రంగు తీయడానికి దాన్ని మామూలు జనానికి అమ్మడం అమెరికాలో 2019లోనే ఆపేశారు.

చెక్క బయటపడ్డాక అవిసె నూనె పూస్తే అందంగానే ఉంటుంది. కానీ ఆ నూనె గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి, విప్పి ఆరేయాలి. బీరువాకో కుర్చీకో ఏ పాలిష్ కావాలని వడ్రంగి అడిగినప్పుడు కూడా, ధరతో పాటు "పదేళ్ల తర్వాత గీత పడితే దీన్ని బాగుచేయొచ్చా?" అని అడగండి. లక్క పాలిష్ వేడి గిన్నె పెడితే మచ్చపడుతుంది, పి.యు. అయితే పడదు. ఏది కావాలన్నది మన ఇష్టం, కానీ తెలిసి ఎంచుకుందాం. పిల్లల సరదాని ఆపక్కర్లేదు. ఆ అసిటోన్ చుక్క మాత్రం మన ఎదురుగానే వేయిద్దాం.