మెగాఫోన్ పట్టిన స్త్రీలు

విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ 1892లో ‘కన్యాశుల్కం’ను తొలిసారి ప్రదర్శించింది. అప్పటి నాటక సమాజాల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. ఆ నాటకం 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో సినిమాగా వచ్చినప్పుడు మధురవాణి పాత్రను సావిత్రి పోషించారు. మరో పదమూడేళ్లకు ఆ సావిత్రే దర్శకురాలయ్యారు. వేషం దగ్గర మొదలై మెగాఫోన్ దాకా సాగిన ఈ ప్రయాణమే తెలుగు దర్శకురాళ్ల చరిత్ర.

భారతదేశంలో తొలి మహిళా దర్శకురాలు ఫాత్మా బేగం. ఆమె 1926లో ‘బుల్బులే పరిస్తాన్’ అనే మూకీ చిత్రం తీశారు. దక్షిణాదిలో టి.పి.రాజలక్ష్మి 1936లో తమిళంలో ‘మిస్ కమల’ తీశారు. తెలుగుకు ఆ రోజు రావడానికి 1953 దాకా పట్టింది. ఆ ఏడాది భానుమతి ‘చండీరాణి’కి దర్శకత్వం వహించి, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీశారు. కథ ఆమెదే, ద్విపాత్రాభినయమూ ఆమెదే. భర్త పి.ఎస్.రామకృష్ణారావుతో కలిసి స్థాపించిన భరణీ పిక్చర్స్ అండగా ఉండడంతో ఆమె ఎవరి గుమ్మం ముందూ అవకాశం కోసం నిలబడనక్కర లేకపోయింది. తర్వాత 1982లో పిల్లలనే నటులుగా పెట్టి ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు.

‘చండీరాణి’ వచ్చిన 1953లోనే ‘కన్నతల్లి’ సినిమాతో మరో స్త్రీ గొంతు తెలుగువాళ్లకు పరిచయమైంది. ఆ గొంతు విజయనగరంలో పుట్టిన పి.సుశీలది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలైన మహారాజా సంగీత కళాశాలలోనే ఆమె సంగీతం నేర్చుకున్నారు. పాడే స్త్రీకీ, నటించే స్త్రీకీ సినిమా అప్పటికే తలుపు తెరిచింది. షాట్ ఎలా తీయాలో చెప్పే స్త్రీకి మాత్రం ఆ తలుపు ఓరగానే ఉండిపోయింది.

ఆ తలుపును గట్టిగా తోసిన సినిమా సావిత్రి తీసిన ‘చిన్నారి పాపలు’ (1968). కథ, సంగీతం, నృత్యం, కళ వంటి ముఖ్యమైన శాఖలను ఇందులో స్త్రీలకే అప్పగించారు. గాయని పి.లీల సంగీతం సమకూర్చారు. తెర మీదే కాక తెరవెనక కూడా స్త్రీలే ఉండడం తెలుగు పరిశ్రమ అంతకు ముందు ఎరగనిది. మరుసటి ఏడాది సావిత్రి దీన్ని తమిళంలో ‘కుళందై ఉళ్ళం’గా తీశారు. అదే ఏడాది తెలుగులో ‘మాతృదేవత’, ‘చిరంజీవి’ తీశారు. తెలుగు సినిమా ‘మూగ మనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’ (1971) పేరుతో సొంతంగా నిర్మించి, దర్శకత్వం వహించి నష్టపోయారు.

దర్శకత్వాన్ని నిలకడైన వృత్తిగా మలుచుకున్నవారు విజయనిర్మల. 1973లో మలయాళంలో ‘కవిత’తో మొదలుపెట్టి, అదే ఏడాది తెలుగులో ‘మీనా’ తీశారు. యద్దనపూడి సులోచనారాణి నవల ఆ సినిమాకు ఆధారం. రాసింది స్త్రీ, తీసింది స్త్రీ, అందులో పాడింది విజయనగరం సుశీల. మొత్తం 44 సినిమాలకు దర్శకత్వం వహించినందుకు 2002లో విజయనిర్మల పేరు గిన్నిస్ రికార్డుల్లోకెక్కింది.

భానుమతి, సావిత్రి, విజయనిర్మల ముగ్గురూ ముందు నటీమణులు. తారాస్థాయి, సొంత సంస్థలు వాళ్లకు బలమిచ్చాయి. తర్వాతి తరం వేరే దారిలో వచ్చింది. సినిమా పాత్రికేయురాలిగా పనిచేసిన బి.జయ 2003లో ‘చంటిగాడు’ తీశారు. దర్శకుడు కృష్ణవంశీ దగ్గర పనిచేసిన నందినీరెడ్డికి ‘అలా మొదలైంది’ (2011) ఉత్తమ నూతన దర్శకురాలిగా నంది అవార్డు తెచ్చిపెట్టింది. దర్శకుడు మణిరత్నం దగ్గర పని నేర్చుకున్న సుధ కొంగర 2017లో ‘గురు’ తీశారు. విశాఖపట్నం నేపథ్యంగా, ఒక పేదింటి అమ్మాయి బాక్సర్‌గా ఎదిగే కథ అది. ఉత్తరాంధ్ర తీరాన్ని ఒక స్త్రీ కంటితో పెద్ద తెర మీద చూపిన సినిమాగా దానికి ఒక విలువ ఉంది.

ఇలా స్త్రీలు తీసిన సినిమాలను ఒకచోట చేర్చి చూపే ఉత్సవాలు ప్రపంచంలో 1972 నుంచి ఉన్నాయి. ఆ ఏడాది న్యూయార్క్‌లోనూ, ఎడిన్‌బరోలోనూ మహిళా దర్శకుల చిత్రాల ప్రదర్శనలు జరిగాయి. ఫ్రాన్స్‌లో 1979లో మొదలైన ఉత్సవం 1985 నుంచి క్రెతేయిలో స్థిరపడింది. ఢిల్లీలో ఆసియా మహిళా చలనచిత్రోత్సవం 2005లో ఆరంభమైంది. ఒక్కో సినిమాను విడిగా చూస్తే అది ఒక్క మనిషి ప్రతిభగా మాత్రమే కనిపిస్తుంది. ‘చండీరాణి’, ‘చిన్నారి పాపలు’, ‘మీనా’, ‘గురు’ వరసగా చూస్తే వాటి వెనక ఉన్న మార్పు తెలుస్తుంది. తొలినాళ్లలో సొంత సంస్థో, తారగా సంపాదించిన పేరో ఉన్న స్త్రీకే దర్శకత్వం అందింది. ఇప్పుడు స్త్రీలు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరి, పని నేర్చుకుని అక్కడికి చేరుతున్నారు.