కొండమీది గడ్డి ఎప్పటిది? నీలగిరి పుప్పొడి సాక్ష్యం

శాసనాలు, కైఫీయతులు, తాళపత్రాలు తెలుగు చరిత్ర విద్యార్థికి పరిచయమైన ఆధారాలు. వీటిలో రాజుల పేర్లు, దానాలు, ఊళ్ళ ఎల్లలు దొరుకుతాయి. ఆ ఊళ్ళ చుట్టూ ఎలాంటి అడవి ఉండేదో, ఎప్పుడు మారిందో చాలా అరుదుగా దొరుకుతుంది. తమిళనాట స్థిరపడిన తెలుగువారి వలస కథల్లో అడవి కొట్టి ఊరు కట్టిన వృత్తాంతం ఉంటుంది. కి. రాజనారాయణన్ తమిళ నవల 'గోపల్ల గ్రామం' (1976) అలాంటి వలస కథే. ఇవి విన్నవారికి చెట్టులేని నేల ఎక్కడ కనిపించినా, ఒకప్పుడు అక్కడి అడవిని మనిషి నరికాడని తోచడం సహజం. ఆ ఊహ అన్నిచోట్లా చెల్లదనడానికి నీలగిరులు మంచి ఉదాహరణ.

నీలగిరి పీఠభూమి పైభాగంలో లోయల వెంట, వాగుల పక్కన 'షోలా' అనే పొట్టి అడవులు ఉంటాయి. వాలులమీద ఉండేది గడ్డి. ఈ గడ్డి సహజమా, మానవ నిర్మితమా అన్న వాదం పాతదే. రాత్రిపూట పడే గడ్డమంచుకు చెట్ల మొలకలు చనిపోతాయి గనుక గడ్డి సహజమేనని 1938లో సి.ఆర్. రంగనాథన్ వాదించారు. అదే ఏడాది ఎన్.ఎల్. బోర్, నిప్పు పెట్టడం, పశువుల మేత వల్లనే అడవి గడ్డిగా మారిందన్నారు. ఇద్దరూ చూసింది తమ కాలపు కొండనే. దాని గతాన్ని చూపగల సాక్ష్యం కావలసి వచ్చింది.

ఆ సాక్ష్యం బురదలో దొరికింది. పుప్పొడి రేణువు పైపొర చాలా గట్టిది. గాలి సోకని తడినేలలో అది వేల ఏళ్ళు చెడదు. నీలగిరి లోయల్లో మొక్కల శిథిలాలు పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకున్న నల్లని పీట్ మట్టి ఉంది. గొట్టం దింపి ఆ మట్టిని తీస్తారు. ఆమ్లాలు, క్షారాలతో శుద్ధి చేసి, ఒక్కొక్క పొరలోని రేణువులను సూక్ష్మదర్శినిలో గుర్తించి లెక్కిస్తారు. రేడియోకార్బన్ పద్ధతి పొర వయస్సు చెబుతుంది.

లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన విష్ణు మిత్రె, హెచ్.పి. గుప్తా 1970 ప్రాంతంలో ఈ దారి తొక్కారు. యానాంలో ఫ్రెంచి పాలన ముగిసిన మరుసటి ఏడు, 1955లో, పుదుచ్చేరిలో వెలసిన ఫ్రెంచి పరిశోధన సంస్థ కూడా ఈ పని చేపట్టింది. ఊటీ దగ్గరి సాండినల్లా పీట్‌పై జి. వాసంతి పరిశోధన 1988లో వెలువడింది. పాత పొరల్లో కూడా గడ్డి పుప్పొడి సమృద్ధిగా ఉంది.

అయితే గడ్డిజాతుల రేణువులన్నీ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. ఏ గడ్డి అన్నది తేల్చడం కష్టం. పైగా గాలికి ఎగిరే పుప్పొడి దూరం నుంచి కూడా రావచ్చు. అందుచేత ఆర్. సుకుమార్, ఆర్. రమేశ్ తదితరులు అదే పీట్‌లోని కార్బన్ ఐసోటోపులను పరిశీలించి, 1993లో 20 వేల ఏళ్ళ చరిత్ర ప్రకటించారు. చెట్ల కార్బన్‌కూ, ఉష్ణప్రాంతపు గడ్డి కార్బన్‌కూ తేడా ఉంటుంది. హిమయుగపు తీవ్రదశలో గడ్డి విస్తరించి ఉంది. తర్వాత వానలు పెరిగి చెట్లు పుంజుకున్నాయి. మళ్ళీ పొడి కాలాలు వచ్చాయి.

ఇప్పుడు కాలాలను పోల్చి చూడాలి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1957లో తవ్వి, అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి అని తేల్చారు. దక్షిణాదిన అలాంటి దిబ్బల కాలం సుమారు 5 వేల ఏళ్ళకు మించదు. నీలగిరి గడ్డి అంతకు ఎన్నో వేల ఏళ్ళు ముందుది. కాబట్టి దాని పుట్టుకకు పశుపోషకులు కారణం కారు. తర్వాతి కాలంలో నిప్పూ మేతా అడవి అంచులను మార్చలేదని దీని అర్థం కాదు. ఆ రెండు ప్రశ్నలూ వేరు.

ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల నష్టం జరిగింది. గడ్డిని బంజరుగా లెక్కగట్టి, 19వ శతాబ్ది నుంచి ఆస్ట్రేలియా తుమ్మనూ నీలగిరి చెట్టునూ నాటారు. స్వాతంత్ర్యం తర్వాత అది ఇంకా పెరిగింది. తోడాల బర్రెల మేతభూములు ఆ విధంగా తరిగాయి.

మన ఊళ్ళ కథలకూ ఇదే పరీక్ష పెట్టవచ్చుగాని ఒక చిక్కుంది. ఎండి పగిలే నల్లరేగడిలో పుప్పొడి సరిగా నిలవదు. చెరువు అడుగు, నదీముఖపు బురద వంటి చోట్ల వెతకాలి. పూర్వుల మాటను కొట్టివేయనక్కరలేదు. ఏ అడవి, ఏ కాలం అని అడగడం మాత్రం అవసరం.