దివ్యాంగుల పింఛను: శాతం సరిపోయినా కుటుంబ లెక్క కుదరాలి

సదరం ధ్రువపత్రంలో 40 శాతం వైకల్యం నమోదైతే పింఛను వచ్చినట్టేనని పలువురు దరఖాస్తుదారులు భావిస్తుంటారు. వాస్తవానికి అది తొలి మెట్టు మాత్రమే. వైకల్యాన్ని వ్యక్తికి కొలిచే ప్రభుత్వం, పేదరికాన్ని మాత్రం కుటుంబం మొత్తానికి కొలుస్తుంది. శాతం సరిపోయినవారు సైతం ఈ రెండో మెట్టు వద్ద ఆగిపోవచ్చు.

ధ్రువపత్రం

2017 ఏప్రిల్‌ 19 నుంచి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం-2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాటు నమోదు చేసుకుని, నిర్ణీత తేదీన ప్రభుత్వాసుపత్రిలోని వైద్యుల ఎదుట హాజరు కావాలి. తెలంగాణలో 2014 నాటి ఆసరా మార్గదర్శకాల ప్రకారం వినికిడి లోపానికి 51 శాతం, మిగిలిన వైకల్యాలకు 40 శాతం ఉండాలి. ధ్రువపత్రం తాత్కాలికమా, శాశ్వతమా అన్నది తప్పక చూసుకోవాలి. తాత్కాలికమైతే గడువు తీరేలోగా మళ్లీ పరీక్షకు వెళ్లవలసిందే.

కుటుంబ లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర ఖరారు చేసిన నిబంధనల మేరకు కుటుంబ నెలసరి ఆదాయం గ్రామాల్లో రూ.10 వేలకు, పట్టణాల్లో రూ.12 వేలకు మించరాదు. భూమి మాగాణి అయితే మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు, రెండూ కలిసి ఉంటే పదెకరాలు పరిమితి. కుటుంబంలో ప్రభుత్వోద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను చెల్లించేవారు ఉండరాదు. నాలుగు చక్రాల వాహనం ఉంటే అనర్హులే. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. నెలసరి విద్యుత్తు వినియోగం సగటున 300 యూనిట్లు దాటరాదు. తెలంగాణలో ఆసరా భూపరిమితి మాగాణి మూడెకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పెళ్లికాని దివ్యాంగుడు సాధారణంగా తల్లిదండ్రులతోనో అన్నదమ్ములతోనో ఒకే బియ్యం కార్డులో ఉంటాడు. అన్నకు ప్రభుత్వోద్యోగం వస్తే, ఆ జీతంలో పైసా చేతికందకపోయినా తమ్ముడు అనర్హుడవుతాడు. పడకకే పరిమితమైనవారికి గాలి పరుపు, ఆక్సిజన్‌ యంత్రం రేయింబవళ్లు నడవాలి. ఆ కరెంటు సైతం 300 యూనిట్లలోనే లెక్కకు వస్తుంది. వైకల్యం వల్ల పెరిగే ఖర్చును సంపన్నతకు గుర్తుగా లెక్కించడం ఎంతవరకు సబబో అధికారులే ఆలోచించాలి.

ఒక్కోసారి లోపం రికార్డుల్లోనే ఉంటుంది. అద్దెదారు ఆధార్‌ ఇంటి యజమాని మీటరుకు జతపడి ఉండవచ్చు. అమ్మేసిన కారు ఇంకా పాత యజమాని పేరనే కొనసాగుతుండవచ్చు. మీటరు విషయం విద్యుత్‌ శాఖలో, వాహనం రవాణా శాఖలో, భూమి వివరాలు తహసీల్దారు కార్యాలయంలో సరిచేయించుకున్నాకే మళ్లీ దరఖాస్తు చేయడం మేలు. తిరస్కరించినప్పుడు ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా కోరాలి.

ఎంత వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్‌ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను రూ.3 వేల నుంచి రూ.6 వేలకు పెరిగింది. పక్షవాతం, తీవ్ర కండరాల క్షీణత వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15 వేలు. తెలంగాణలో 2023 జులైలో రూ.3,016 నుంచి రూ.4,016కు పెంచారు.

ఇతరులకిచ్చే సాయం కంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని చట్టంలోని 24వ సెక్షను చెబుతోంది. రెండు రాష్ట్రాలూ ఆ హద్దును దాటాయి. కేంద్రం సంగతి వేరు. ఇందిరాగాంధీ జాతీయ దివ్యాంగుల పింఛను పథకం కింద, 80 శాతం వైకల్యం ఉన్న దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాల వారికి 2012లో నిర్ణయించిన వాటా నెలకు రూ.300.

పునఃపరిశీలన

2025లో ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్లను వైద్యులతో తిరిగి పరిశీలింపజేసింది. ఆ ఏడాది ఆగస్టులో నోటీసులందుకున్నవారికి అప్పీలు అవకాశం కల్పించారు. గ్రామాల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్‌ కమిషనరుకు దరఖాస్తు చేయాలని సూచించారు. ఇటువంటి నోటీసు వచ్చినప్పుడు పాత ధ్రువపత్రం, ఆసుపత్రి కాగితాలు, నోటీసు ప్రతి జతచేసి, అర్జీ అందినట్లు రసీదు తీసుకోవాలి. నోటీసును పక్కన పడేస్తే అప్పీలు గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.