అన్యాయపత్రం ఎలా చిరిగింది?



దౌర్జన్యం కేవలం దౌర్జన్యపరుల బలంతోనే నిలవదు. దానికి తల ఊపేవారు, చూసీ చూడనట్లు ఊరకుండేవారు కూడా కావాలి. మక్కా చరిత్ర మనకు ఈ సత్యాన్నే బోధిస్తోంది.

దైవదౌత్యం లభించిన 7వ సంవత్సరంలో ఖురైషు నాయకులు ఒక ఒడంబడిక రాసి కాబా గృహంలో వేలాడదీశారు. హాషిం, ముత్తలిబ్ వంశాలవారితో పెళ్ళి సంబంధాలు గానీ, క్రయవిక్రయాలు గానీ జరపరాదన్నది దాని సారాంశం. ఆ వంశాలవారు, విశ్వాసులూ విశ్వసించనివారూ కూడా, అబూ తాలిబ్ కనుమలో దిగ్బంధానికి గురయ్యారు. సుమారు 3 ఏళ్ళు గడిచాయి. ఆకులు తిని ఆకలి తీర్చుకోవలసిన గతి పట్టింది.

అప్పటికి ఇస్లాం స్వీకరించని హిషామ్ బిన్ అమ్ర్ రాత్రివేళ ఒంటెపై ఆహారం వేసి కనుమ మొదట్లోకి తోలుకొచ్చేవారు. పగ్గం విప్పి, డొక్కపై చరిచి లోపలికి వదిలేసేవారు. ఆయన చేతిలో సైన్యం లేదు, పరిపాలన లేదు. ఉన్నదల్లా ఒక ఒంటె, ఒక రాత్రి.

అయితే ఆయన అంతటితో ఆగలేదు. జుహైర్ వద్దకు వెళ్ళి, మేనమామలు పస్తులుంటే నీకు ముద్ద ఎలా దిగుతోందని నిలదీశారు. నేనొక్కణ్ణే ఏం చేయగలనన్నారు జుహైర్. రెండోవాణ్ణి నేనున్నానన్నారు హిషామ్. అలా ముత్ఇమ్ బిన్ అదీ, అబుల్ బఖ్తరీ, జమ్ఆ ఒక్కొక్కరే తోడయ్యారు. మర్నాడు కాబా వద్ద జుహైర్ గొంతెత్తగా, అబూ జహల్ అడ్డుపడ్డాడు. మిగిలినవారు ఒకరి వెంట ఒకరు జుహైర్‌ను బలపరిచారు. ముత్ఇమ్ పత్రాన్ని చించబోగా, అల్లాహ్ నామం తప్ప తక్కినదంతా అప్పటికే చెదలు తినేసి ఉంది.

దైవప్రవక్త (స) ముత్ఇమ్ మేలును మరువలేదు. ఆయనే బతికి ఉండి కోరితే బద్ర్ ఖైదీలను విడిచిపెట్టేవాణ్ణని ఆయన మరణానంతరం సెలవిచ్చారు. న్యాయం పక్షాన నిలిచినవాని మతమేదని మన ప్రవక్త (స) చూడలేదు.

సోదరులారా! మన పల్లెల్లో నేటికీ ఒక్కో కుటుంబాన్ని వెలివేస్తున్నారు. కొట్టువాడు సరుకివ్వడు, ఇరుగుపొరుగు పలకరించరు. వెలికి గురైనవారు మనవారైతే గొంతెత్తి, వేసినవారు మనవారైతే మౌనం వహిస్తే, మనమూ ఆ పత్రానికి సాక్షులమే అవుతాము. ఆ ఇంటికి ఒక పూట సరుకు చేర్చండి. ఒక సలాం, ఒక పలకరింపు అందించండి. పిదప రెండోవాణ్ణి వెదకండి.

అల్లాహ్ మనల్ని న్యాయానికి సాక్షులుగా నిలుపుగాక! ఆమీన్.