సురబాయా రుంగ్‌కుట్‌లో అద్దె ఇల్లు: ఏడాది డబ్బు ముందే కట్టాలి

ఇండోనేషియాలో తూర్పు జావా రాజధాని సురబాయా. ఆ నగరానికి ఆగ్నేయంగా, జువాండా విమానాశ్రయానికి దగ్గర్లో ఉంది రుంగ్‌కుట్. 1974లో ఏర్పాటైన సియెర్ పారిశ్రామికవాడ ఇక్కడిదే. ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళే మన ఇళ్ళ పిల్లలకు మొదటి చిక్కు అద్దె ఒప్పందం దగ్గరే వస్తుంది.

బెంగళూరులో అడ్వాన్సు అంటే పది నెలలదైనా సరే, ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చే డబ్బు. రుంగ్‌కుట్‌లో విడి ఇంటిని 'కొంత్రకాన్' అంటారు. దాన్ని సాధారణంగా ఏడాది లెక్కన ఇస్తారు, పన్నెండు నెలల సొమ్మూ తాళాలు ఇచ్చేముందే తీసుకుంటారు. అది అడ్వాన్సు కాదు, అద్దే. ఆరో నెలలో కంపెనీ బదిలీ చేస్తే మిగతా సొమ్ము వెనక్కి రావడం, ఒప్పందంలో రాసుకుంటే తప్ప, కష్టం. కంపెనీయే కడుతుందని నిశ్చింతగా ఉండకండి. ఉద్యోగం మధ్యలో మానేస్తే ఆ డబ్బు జీతంలో పట్టుకుంటారా అన్నది బయల్దేరకముందే అడగాలి.

ఒప్పందం నోటిమాటగా వద్దు. ఇండోనేషియా భాషలో ఒకటి, పక్కనే ఇంగ్లీషులో ఒకటి ఉండాలని పట్టుబట్టండి. దాని మీద పదివేల రూపియాల 'మెతెరాయ్' స్టాంపు అంటించి సంతకాలు చేస్తారు. సంతకం పెట్టే మనిషి పేరు, ఇంటి పత్రంలోని పేరు ఒకటేనా చూసుకోవాలి. బ్రోకరు సొంత ఖాతాకు ఏడాది డబ్బు పంపితే తర్వాత ఎవరిని అడుగుతారు? ఒక ఊరట ఉంది: అక్కడి సివిల్ కోడ్ 1576వ అధికరణ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, యజమాని ఇల్లు అమ్మేసినా అద్దె ఒప్పందం రద్దు కాదు.

ఒంటరిగా వెళ్ళేవారికి 'కోస్' నయం. కోస్ అంటే నెలవారీ అద్దె గది, మన పీజీ లాంటిది. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు కూడా ఉండడంతో ఈ గదులకు విద్యార్థులూ పోటీ పడతారు. ఆడవారికి, మగవారికి వేర్వేరు కోస్‌లుంటాయి. కొన్నిచోట్ల రాత్రి గేటుకు తాళం వేస్తారు కాబట్టి నైట్ షిఫ్టువారు ఆ సంగతి ముందే తేల్చుకోవాలి.

ఏ ఇంట్లో దిగినా ఒక పని వాయిదా వేయకూడదు. ప్రతి వాడకూ 'ఎర్తె' అనే ఇరుగుపొరుగు సంఘం, దానికో పెద్ద ఉంటారు. కొత్తవారు 24 గంటల్లో ఆయనకు చెప్పాలన్న బోర్డు సందు మొదట్లోనే కనిపిస్తుంది. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు పట్టుకుని ఇంటి యజమానితో కలిసి వెళ్ళండి. చెత్తకు, కాపలాకు నెలనెలా చందా ఉంటుంది. చిరునామా మారితే ఇమిగ్రేషన్‌కూ తెలపడం విదేశీయుల బాధ్యత.

ఇల్లు చూసేటప్పుడు కరెంటు మీటరు దగ్గర ఆగండి. 900 వీఏ కనెక్షన్ అయితే ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కర్ పెట్టగానే ఫ్యూజు పడిపోతుంది. మన వంటకు మిక్సీ, గ్రైండర్ కూడా తప్పవు కదా, 2200 వీఏ ఉంటే హాయి. మీటరు ప్రీపెయిడ్‌దైతే దుకాణంలో గానీ ఫోన్‌లో గానీ డబ్బు కట్టి, వచ్చిన 20 అంకెలు నొక్కాలి. అక్కడ ప్లగ్గులకు రెండు గుండ్రటి పుల్లలే, మన మూడు పుల్లల ప్లగ్గు పట్టదు. కుళాయి నీళ్ళు తాగరు, 19 లీటర్ల క్యాన్లు తెప్పించుకుంటారు. ఆకుపచ్చ 3 కిలోల గ్యాస్ బండ పేదల కోసం సబ్సిడీపై ఇచ్చేది, మీరు పెద్దది కొనుక్కోవాలి.

వర్షాకాలం సుమారుగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. వీలైతే గట్టి వాన పడిన మర్నాడు ఇల్లు చూడండి. నీళ్ళు రావని యజమాని చెప్పినా, గోడ అడుగున తేమ చార ఎంత ఎత్తున ఉందో చూసి, పక్కింటివారిని కూడా అడిగాకే డబ్బు కట్టండి.